అంగన్‌వాడీలో ఆ రెండు గంటలు ఎలా నడపాలి

అంగన్‌వాడీకి సాయం చేద్దామనగానే చాలామందికి గోడలకు రంగులు, కార్టూన్ బొమ్మలు, గోడకో టీవీ గుర్తొస్తాయి. అవి ఉంటే మంచిదే. కానీ మూడేళ్ల నుంచి ఆరేళ్లలోపు పిల్లలకు చదువంటే ముందు మాట, ఆట. రోజూ టీచర్ ఒక్కో పిల్లతో ఎంత మాట్లాడింది, ఆ పిల్ల చేత ఎంత మాట్లాడించింది అన్నదాన్ని బట్టే కేంద్రం బాగుపడుతుంది. విజయవాడ, గుంటూరుల్లోని టీచర్లు, సూపర్‌వైజర్లు, కాలనీ పెద్దలు, తల్లిదండ్రులు రేపటి నుంచే మొదలుపెట్టగల పనులు ఇవి.

ముందు సమయం దొరకాలి

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) మొదలైనప్పటి నుంచి అంగన్‌వాడీ మీద పోషకాహారం, టీకాలు, బరువులు, గర్భిణుల నమోదు అన్నీ పడుతూ వచ్చాయి. 2021 నుంచి ఈ వివరాలన్నీ ఫోన్లో ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ కూడా తోడైంది. వీటన్నిటి మధ్య నలిగిపోయేది పూర్వ ప్రాథమిక విద్యే. 2023లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ (పోషణా, చదువూ) కార్యక్రమం రోజుకు కనీసం రెండు గంటలు పిల్లల చదువుకే ఇవ్వాలంటోంది. ఈ రెండు గంటలు దక్కాలంటే మూడు పనులు చేయాలి.

సమయం తలుపు మీదే రాసి పెట్టండి: 9.30 నుంచి 11.30 వరకు సరుకుల పంపిణీ లేదు, బరువులు తూచడం లేదు. బాలింతలకు ఇచ్చే సరుకులు మధ్యాహ్నం భోజనం అయ్యాకే. మొదటి వారం గొణుగుతారు, రెండో వారానికి అలవాటు పడతారు. ఆ రెండు గంటలూ ఫోన్ బీరువాలో ఉండాలి. ఇది సూపర్‌వైజర్ ఒప్పుకుంటేనే సాధ్యం. పదింటికి ఫోటో పెట్టమని గ్రూపులో మెసేజ్ వస్తే టీచర్ పాట మధ్యలో ఆపక తప్పదు. ఇక మూడోది, వంటకు కావాల్సిన కూరగాయలు తరగడం లాంటివి ఆయమ్మ తొమ్మిదిన్నరలోపే ముగించాలి. ఆ రెండు గంటల్లో ఆమె కూడా గదిలో ఉండాలి. 2013 జాతీయ పూర్వ బాల్య సంరక్షణ, విద్య (ఈసీసీఈ) విధానం ప్రకారం 3-6 ఏళ్ల పిల్లలు 20 మందికి ఒక పెద్దమనిషి ఉండాలి. మూడేళ్లవాళ్లు, అయిదేళ్లవాళ్లు ఒకే గదిలో ఉన్నప్పుడు ఒక్కరితో నడవదు.

రెండు గంటల్ని ఇలా పంచుకోవచ్చు: కబుర్లకు 15 నిమిషాలు, అందరూ కలిసి చేసే పనికి 20, గది మూలల్లో విడివిడిగా ఆడే ఆటకు 35, బయట ఆటకు 25, కథకు 15, పాట, సర్దుకోవడానికి 10. ఫిబ్రవరి దాటాక మన ఎండలకు ఈ వరస పనికిరాదు. అప్పుడు బయట ఆట మొట్టమొదట పెట్టుకోవాలి. అరగంటకోసారి పిల్లలందరికీ నీళ్లు ఇవ్వండి. ఆటలో పడితే పిల్లలు దాహమని అడగరు.

గుంటూరు చుట్టుపక్కల ఇంకో చిక్కుంది. మిరప కోతలు మొదలయ్యాక తల్లులు తెల్లవారుజామునే ఆటోలెక్కి పొలాలకు వెళ్తారు. పిల్లల్నీ వెంట తీసుకుపోతారు, లేదంటే పెద్దపిల్లకు అప్పగిస్తారు. ఆ నెలల్లో హాజరు పడిపోయిందని రిజిస్టరులో రాసుకుంటే ఒరిగేదేమీ లేదు. ఆయమ్మ ఒక గంట ముందు తలుపు తీసి, బదులుగా సాయంత్రం ఒక గంట ముందే వెళ్లేలా సూపర్‌వైజర్‌తో మాట్లాడుకోండి. మిర్చి యార్డుకు, కోల్డ్ స్టోరేజీలకు దగ్గర్లో ఉన్న కేంద్రాల్లో ఘాటుకు పిల్లలు దగ్గుతుంటే ఆ రోజు బయట ఆట మానేసి, గాలి అటు నుంచి వచ్చే కిటికీ మూసేయండి.

గది

అదే 2013 విధానం 30 మంది పిల్లలకు 35 చదరపు మీటర్ల గది, బయట ఇంకో 30 చదరపు మీటర్ల ఆటస్థలం ఉండాలంటుంది. విజయవాడలో అద్దె గది పది అడుగులకు పన్నెండు ఉందనుకోండి, అది 11 చదరపు మీటర్లే. అలాంటి చోట బీరువా, కుర్చీలు, బియ్యం బస్తాలు గదిలోంచి బయటికి పోవాలి. బొమ్మల్ని గోడకు వేలాడదీసిన గుడ్డ సంచుల్లో పెట్టండి. సంచి పిల్ల చేతికి అందాలి, అంటే నేల నుంచి రెండున్నర అడుగుల లోపు ఉండాలి. ఆటస్థలం లేకపోతే గుడి మండపమో, మున్సిపల్ పార్కో, కమ్యూనిటీ హాలో అడిగి రోజూ ఒకే సమయానికి వాడుకోండి. కొండ మీది ఇళ్ల పిల్లలకు కింద రోడ్డు మీద కేంద్రం పెట్టి ఉపయోగం లేదు. మూడేళ్ల పిల్ల రోజూ అన్ని మెట్లు దిగి ఎక్కలేదు, ఎత్తుకెళ్లే తీరిక తల్లికి ఉండదు.

పిల్లలు రాసే నల్లబోర్డు గోడకే వేయించండి. నేల నుంచి ఒక అడుగు ఎత్తులో మొదలై మూడున్నర అడుగుల దాకా ఉంటే చాలు. సున్నం వేసిన గోడ మీద నేరుగా బోర్డు పెయింట్ వేస్తే ఒక్క వానాకాలానికే పెచ్చులూడుతుంది. ముందు సున్నం గీకి, ప్రైమర్ ఒక పూత వేసి, ఆరాక పెయింట్ రెండు పూతలు వేయాలి.

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. పల్లంలో ఉన్న కేంద్రాలు ఆట వస్తువుల్ని, పిల్లల ఫోల్డర్లని మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి, భారీ వాన అని చెప్పగానే పై అంతస్తు ఇంట్లో ఉంచడానికి ముందే మాట అనుకోవాలి.

ఒక గోంగూర కట్టతో పాఠం

కలిసి చేసే పని 20 నిమిషాలే అయినా అసలు పాఠమంతా అందులోనే ఉంది. ఒక ఉదాహరణ వివరంగా చూద్దాం. 20 మంది పిల్లలకు నాలుగు కట్టలు తీసుకోండి, అయిదుగురికి ఒకటి చొప్పున. రెండు ఎర్రకాడలవి, రెండు పచ్చకాడలవి అయితే మేలు. ముందే బాగా కడిగి నీళ్లు విదిలించండి. చాప మీద గుండ్రంగా కూర్చోబెట్టి కట్టలు మధ్యలో పెట్టండి. మీరూ నేల మీదే కూర్చోవాలి.

“ఇదేంటి?” అని అడిగితే ఇరవైమందీ ఒక్కసారే “గోంగూరా!” అని అరుస్తారు. మాట అక్కడితో ఆగిపోతుంది. ఒక్కరిని పేరు పెట్టి పిలిచి అడగండి.

“చిట్టీ, మీ ఇంట్లో గోంగూర ఎవరు ఒలుస్తారమ్మా?”

“మా నాయనమ్మ.”

“మీ నాయనమ్మ ఒలుస్తుందా! ఆకులు ఒలిచాక కాడలేం చేస్తుంది?”

“గేదెకేసిద్ది.”

“ఓహో, కాడలు గేదెకు వేస్తుందన్నమాట. మరి పుల్లగా ఉన్నాయని గేదె వదిలేయదూ?”

ఇందులో టీచర్ చేసినవి మూడే. పిల్ల అన్న మాటను కాస్త పొడిగించి తిరిగి చెప్పింది. ‘వేసిద్ది’ తప్పని ఆపలేదు, తన వాక్యంలో ‘వేస్తుంది’ అని వినిపించింది, అంతే. ఒక్క మాటలో తేలిపోని ప్రశ్న ఇంకొకటి వేసింది. అడిగాక అయిదు అంకెలు మనసులో లెక్కపెట్టుకునేంత సేపు ఆగాలి. చాలామంది టీచర్లకు ఇదే కష్టం. రెండు క్షణాల్లో జవాబు రాకపోతే తామే చెప్పేస్తారు, లేదా గడగడా మాట్లాడే పిల్లాణ్ని అడుగుతారు. దాంతో నెమ్మదిగా మాట్లాడే పిల్ల ఏడాదంతా నోరు విప్పకుండానే వెళ్లిపోతుంది.

తర్వాత ఆకులు ఒలవనివ్వండి. బొటనవేలు, చూపుడువేలు కలిపి కాడ దగ్గర గిల్లడం రేపు పెన్సిల్ పట్టుకోవడానికి చేసే సాధనే. మూడేళ్లవాళ్లు పిడికిలితో లాగేస్తారు, లాగనివ్వండి. నాలుగేళ్లవాళ్ల చేత ఎర్రకాడలు ఒక పళ్లెంలో, పచ్చకాడలు ఒక పళ్లెంలో వేరు చేయించండి. అయిదేళ్లవాళ్లను పెద్దాకు నుంచి చిన్నాకు దాకా వరసగా పేర్చమనండి. రుచి చూడమనండి, మొహాలు ఎలా పెడుతున్నారో ఒకరినొకరు చూసుకోనివ్వండి. పులుపు, కాడ, ఈనె, లేత, ముదురు అన్న మాటలు ఆ పది నిమిషాల్లో పదిసార్లు వినిపించాలి. ఒలిచిన ఆకు ఆయమ్మ పప్పులో వేస్తే, మధ్యాహ్నం పళ్లెంలో అది కనబడగానే పిల్లలే మళ్లీ మొదలుపెడతారు. మర్నాడు వరస చెప్పించండి: ముందు ఏం చేశాం, తర్వాత ఏం చేశాం, చివరికి ఏమైంది.

ఇదే పద్ధతిలో జామకాయ, మొక్కజొన్న కండె, చిక్కుడుకాయలు, కుమ్మరి తెచ్చిచ్చిన బంకమట్టి, దర్జీ దగ్గర మిగిలిన గుడ్డముక్కలు, ఏదైనా పెట్టుకోవచ్చు. వారానికి ఒక వస్తువు చాలు.

కథ

కథ చదివేటప్పుడు పుస్తకం పిల్లలవైపు తిప్పి, మీరు పక్క నుంచి చదవండి. ఒకే కథ వారమంతా చెప్పండి. రోజుకో కొత్త కథ చెబితే దేన్నీ పట్టుకోలేరు. మొదటి రోజు వినడమే. రెండో రోజు నడుమ ఆగి “ఇప్పుడేమవుద్ది?” అని అడగాలి. మూడో రోజు బొమ్మలు చూపిస్తూ వాళ్ల చేత చెప్పించాలి. నాలుగో రోజు వేషాలు కట్టించాలి. నీతి ఏమిటని అడగొద్దు. “కాకికి అప్పుడెలా అనిపించి ఉంటుంది?” అని అడిగితే అయిదేళ్ల పిల్ల చెప్పే జవాబులో నీతికన్నా ఎక్కువే ఉంటుంది. ఒకేసారి ఇరవైమందితో కన్నా పదిమందికి ఒకసారి, మిగతా పదిమందికి ఇంకోసారి చెప్పడం మేలు.

అక్షరాలు ఎప్పుడు, ఎలా

మూడేళ్ల పిల్ల చేత అ, ఆలు దిద్దించడం మన ప్రాంతంలో అందరూ చేసే పొరపాటు. ప్రైవేటు ప్లే స్కూళ్లు నాలుగు గీతల పుస్తకాల నిండా రాయిస్తున్నాయి కాబట్టి అంగన్‌వాడీ వాళ్లూ చేయక తప్పదనుకుంటున్నారు. ఆ వయసు చేతి కండరాలు దానికి సిద్ధంగా ఉండవు. మన అక్షరాలు గుండ్రంగా, చిన్న చిన్న తేడాలతో ఉంటాయి. ప, వ మధ్య తేడా, ఎ, ఏ మధ్య తేడా చూపుకు ఆనడానికే సమయం పడుతుంది. అర్థం తెలియకుండా దిద్దిన పిల్ల వేలు నొప్పిని గుర్తుపెట్టుకుంటుంది, అక్షరాన్ని కాదు.

ముందు చెవి తయారు కావాలి. మాటల్ని చప్పట్లతో విడగొట్టించండి: గోం-గూ-ర మూడు చప్పట్లు, బ-స్సు రెండు. ‘గో’తో మొదలయ్యేవి ఏవంటే గోడ, గోరు, గోలీ. చివర ఒకేలా వినిపించేవి పలక, చిలక, గిలక. రోజుకు అయిదు నిమిషాలు చాలు, ఆటలాగే సాగాలి. నాలుగో ఏట మొదలుపెట్టి ఏడాదంతా ఇదే చేయండి.

రాత పిల్ల పేరుతోనే మొదలుకావాలి. ఒక్కో పిల్ల పేరు అట్టముక్క మీద రెండు అంగుళాల ఎత్తు అక్షరాలతో రాసి, పొద్దున రాగానే తన అట్ట తానే తీసి హాజరు పలక మీద పెట్టించండి. అయిదేళ్లు నిండాక వర్ణమాల వరస పక్కన పెట్టి, ఒకదానికొకటి పోలికలేని నాలుగు అక్షరాలు తీసుకోండి: త, ల, క, ప. వాటితోనే తల, కల, పలక, కలప వచ్చేస్తాయి. డ, మ చేరితే పడక, తడక, మడత. రెండో వారానికే పిల్ల మాట చదువుతుంది. ప వచ్చాక కనీసం నెల దాటేదాకా వ తేవద్దు. రాయడం ఇసుక పళ్లెంలో వేలితో, తర్వాత గోడ బోర్డు మీద సుద్దతో, ఆఖరున కాగితం మీద.

ఇంగ్లీషు సంగతి. తల్లిదండ్రులు కోరుకుంటున్నారు, అది వాళ్ల తప్పు కాదు. రోజుకు పది నిమిషాలు నోటితో పాటలు, పలకరింపులు, వస్తువుల పేర్లు పెట్టండి. రాత వద్దు. మొదటి భాషలో ‘ఎందుకు’, ‘తర్వాత’, ‘ఒకవేళ’ అని ఆలోచించగలిగిన పిల్లకు రెండో భాష నిలుస్తుంది.

లెక్క

వంద దాకా అప్పజెప్పే పిల్లాణ్ని “నాకు నాలుగు చింతపిక్కలు ఇవ్వు” అని అడగండి. చాలామంది గుప్పెడు తీసి చేతిలో పోస్తారు. అంటే అంకెల పాట వచ్చింది గానీ లెక్క రాలేదు. ఇంకో పరీక్ష: అయిదు పిక్కలు లెక్కపెట్టించి “మొత్తం ఎన్ని?” అని అడిగితే, జవాబు చెప్పకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే చివరి అంకే మొత్తమని ఇంకా తెలియలేదన్నమాట. మూడేళ్లవాళ్లకు మూడు దాకా, నాలుగేళ్లవాళ్లకు అయిదు దాకా, అయిదేళ్లవాళ్లకు పది దాకా గట్టిగా వస్తే చాలు.

సామాను మీ దగ్గరే ఉంది. కేంద్రానికి గుడ్లు వచ్చే 30 గుంటల అట్టలో అయిదేసి గుంటల వరసలు ఆరుంటాయి. రెండేసి వరసల చొప్పున కత్తిరిస్తే పది గుంటల పలకలు మూడు తయారవుతాయి. ఏడు పిక్కలు వేస్తే పై వరస నిండి కింద రెండు ఉంటాయి, మూడు ఖాళీ. ఏడంటే అయిదు, రెండు అని, పదికి ఇంకా మూడు కావాలని కంటికే కనిపిస్తుంది. సొన అంటిన అట్ట వాడొద్దు, పచ్చిగుడ్డు మీది క్రిములతో విరేచనాలు పట్టుకుంటాయి. దుకాణంలో వాడని అట్టలు అడగండి, లేదా ప్లాస్టిక్ ట్రేలు సబ్బుతో కడిగి వాడండి. వామనగుంటలు ఆడిస్తే ఇంకా మంచిది. ఖాళీ అయిన గుంట చూపించి సున్నా అంటే ఏమిటో చెప్పడానికి అంతకన్నా తేలిక దారి లేదు.

మూలలు, ఆట వస్తువులు

నాలుగు మూలలు చాలు: కట్టుడు దిమ్మెలు, ఇల్లు-వంట, బొమ్మలు గీయడం, పుస్తకాలు. గది చిన్నదైతే రోజుకు రెండు తెరవండి. దిమ్మెలకు వడ్రంగి దగ్గర మిగిలిన చెక్క తీసుకుని 12, 6, 3 సెంటీమీటర్ల పొడవుల్లో కోయించండి. రెండు చిన్నవి కలిస్తే ఒక పెద్దది అవ్వాలి, అందులోనే సగం, రెట్టింపు తెలుస్తాయి. అంచులు గరుకు కాగితంతో నునుపు చేయించాలి. 20 మందికి 120 ముక్కలు కావాలి. 40 ముక్కలు పెడితే కొట్లాట తప్ప కట్టడం జరగదు. కొండపల్లి బొమ్మలు మాట్లాడించడానికి బాగుంటాయి, కానీ అవి తెల్లపొణికి చెక్కవి, మెత్తన. నోట్లో పెట్టుకునే పిల్లలకు ఇవ్వకండి.

పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తని ముద్దకు మైదా రెండు గ్లాసులు, ఉప్పు ఒక గ్లాసు, నూనె రెండు చెంచాలు, కాస్త పసుపు, నీళ్లు సుమారు ఒక గ్లాసు. నీళ్లు కొంచెం కొంచెంగా పోయండి. ఉప్పు వల్ల బూజు పట్టదు, మూత గట్టిగా పెడితే వారం వస్తుంది. వానాకాలంలో ఆ ఉప్పే గాలిలోని తేమ లాగి ముద్ద జావ అవుతుంది. అప్పుడు ఒక గుప్పెడు పొడి మైదా కలిపితే సరిపోతుంది.

మూడేళ్లలోపు తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా కేంద్రానికి వస్తారు కాబట్టి ప్లంబర్ దగ్గర అంగుళంపావు పైపు ముక్క ఒకటి తెచ్చి ఉంచండి. అందులోంచి జారిపోయే వస్తువేదైనా గొంతుకు అడ్డం పడొచ్చు. చింతపిక్కలు, గోలీలు, సీసా మూతలు పెద్దపిల్లల ఆట అయిపోగానే లెక్కపెట్టి డబ్బాలో వేయాలి.

వెనకబడే పిల్లలు

విజయవాడ వన్‌టౌన్‌లో, గుంటూరు లాలాపేటలో ఉర్దూ ఇళ్ల పిల్లలుంటారు. అమరావతి పనులకు వచ్చిన కుటుంబాల్లో ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లుంటారు. ఇంటి భాషలో నీళ్లు, ఆకలి, మరుగుదొడ్డి, అమ్మ, నొప్పి, రా, కూర్చో లాంటి ఒక ఇరవై మాటలు తల్లి దగ్గర అడిగి తెలుగు లిపిలో గోడకు రాసుకోండి. అలాంటి పిల్ల మొదటి రెండు మూడు నెలలు మాట్లాడకపోతే మందబుద్ధి అనుకోకండి, వింటోంది.

మూడేళ్లు నిండినా రెండు మూడు మాటలు కలిపి ఏ భాషలోనూ మాట్లాడకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, చెవి కారుతున్నా ఆగొద్దు. పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. వాళ్లొచ్చే రోజుకు అనుమానం ఉన్న పిల్లల పేర్లు, మీరు గమనించిన సంగతులు రాసి సిద్ధంగా ఉంచండి. బృందం రావడం ఆలస్యమైతే ఏఎన్ఎమ్మకు చెప్పి పట్టణ ఆరోగ్య కేంద్రానికి పంపండి.

జూన్‌లో కొత్తగా చేరినవాళ్లు ఏడుస్తారు. పిల్ల చూడకుండా తల్లి జారుకోవడం మన దగ్గర అలవాటు. దానివల్ల పిల్లకు నమ్మకం పోయి రెండో వారం కూడా ఏడుపు ఆగదు. మొదటి రోజు తల్లి గంటసేపు కూర్చోవాలి, రెండో రోజు అరగంట, మూడో రోజు పది నిమిషాలు. వెళ్లేటప్పుడు చెప్పే వెళ్లాలి.

తల్లిదండ్రులు, సూపర్‌వైజర్

నెలకోసారి జరిపే ఈసీసీఈ దినాన ఉపన్యాసం పెడితే తల్లులు వినరు. నాలుగు పిక్కల పరీక్ష వాళ్ల ముందే చేసి చూపించండి. కథను పిల్ల చేతే చెప్పించండి. “మా వాడు ఇంకా ఏబీసీడీలు రాయట్లేదేంటి టీచరమ్మా?” అని అడిగితే వాదించొద్దు. నిరుడు జూన్‌లో వాడు గీసిన బొమ్మ, ఈ నెల గీసిన బొమ్మ పక్కపక్కన పెట్టి చూపించండి. అందుకే ఒక్కో పిల్లకు ఒక ఫోల్డర్ ఉండాలి: నెలకో బొమ్మ, వెనక ఆ రోజు ఆ పిల్ల చెప్పిన ఒక వాక్యం, తేదీ. రోజుకు నలుగురు పిల్లల్ని గమనిస్తే వారంలో అందరూ పూర్తవుతారు.

సూపర్‌వైజర్ వచ్చినప్పుడు రిజిస్టర్లు తెరవకముందు ఇరవై నిమిషాలు ఒక పక్కన కూర్చుని మూడు లెక్కలు గీతలు గీసుకుంటే చాలు: ఎంతమంది పిల్లలు ఒక పూర్తి వాక్యం మాట్లాడారు, ఎంతమంది చేతులు కట్టుకుని వంతు కోసం ఊరికే కూర్చున్నారు, టీచర్ ఎన్నిసార్లు నిజంగా జవాబు తెలియని ప్రశ్న వేసింది. వెళ్లేముందు ఆ గీతలు టీచర్‌కు చూపించి, వచ్చేసారికి ఒక్కటి మార్చమనండి. ఒకేసారి పది సలహాలిస్తే ఒక్కటీ జరగదు.

ఒకటో తరగతికి

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశ అంటుంది, ఆరేళ్లు నిండాకే ఒకటో తరగతి. అయిదేళ్లకే పెద్ద బడిలో వేసేద్దామనే తల్లిదండ్రులకు ఇది ఫిబ్రవరిలోనే చెప్పాలి, జూన్‌లో చెబితే అప్పటికే సీటు కొనేసి ఉంటారు. బడికి వెళ్లబోయే పిల్లల ఫోల్డర్లు ఒకటో తరగతి టీచర్ చేతికే ఇవ్వండి, ఆఫీసు గదిలో వదలొద్దు. వేసవి సెలవులకు ముందు ఒక ఉదయం ఆ పిల్లల్ని దగ్గర్లోని ప్రాథమిక పాఠశాలకు తీసుకెళ్లండి. తరగతి గదిలో పావుగంట కూర్చోబెట్టి, మంచినీళ్ల కుళాయి, మరుగుదొడ్డి ఎక్కడున్నాయో చూపించి, తలుపు గడియ వేయడం, తీయడం ఒక్కొక్కరి చేత చేయించండి. మరుగుదొడ్డికి భయపడి నీళ్లు తాగకుండా కూర్చునే పిల్లలు ప్రతి ఒకటో తరగతిలోనూ ఉంటారు.